దారి మరిచిన పెద్దమ్మ

దేశదేశాల కొంగలన్నీ ఒక సరస్సు ఒడ్డున చేరి పంచాయితీ పెట్టుకున్నాయి. ముసలి కొంగలకు మతిమరుపు ముదిరి, అవి ఎగిరేటప్పుడు దారి తప్పిపోతున్నాయి. దీని సంగతేమిటో ఆరా తీయడానికి కొన్ని కొంగల్ని దూరదేశాలకు పంపాలి. కానీ అంత దూరం వెళ్ళగలిగే సత్తువ కొన్నిటికే ఉంది, అన్నీ ఒకేసారి కుదరవు. మరి ముందు ఏది కనుక్కోవాలి?

"మందాకు వెతకాలి!" అంది ఒకటి.

"అసలు ఈ మరుపు ఎందుకొస్తోందో తేల్చాలి!" అంది ఇంకొకటి.

వాదన ముక్కులతో పొడుచుకునేదాకా వచ్చింది. గుంపును నడిపించే తుంగ అనే కొంగకు విసుగెత్తింది. దూరంగా గట్టు మీద కూర్చోబెట్టిన తన పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది.

"నువ్వు చెప్పు పెద్దమ్మా, ముందు ఏది కనుక్కోమంటావు?"

"పొద్దుట్నుంచీ మా గురించేగా మీ గోల! ఇప్పటికి అడగాలనిపించిందా?" అంది పెద్దమ్మ. "ఎగిరేటప్పుడు పక్కపక్కవాళ్ళు కేకేసుకోవడం మన ఆనవాయితీ కదే. దారి మరిచామని మమ్మల్ని వరస చివరికి నెట్టేసి, కేకెయ్యడమే మానేశారు. పిలుస్తూ ఉంటే మేం ఎంత దూరం రాగలమో ముందు అది చూడండి."

తుంగకు తల కొట్టేసినట్టయింది. ఆ పని ముందు, మందాకు వెతకడం ఆ వెంటనే అని పంచాయితీలో ఒప్పించింది.

ఆ ఏడాది పెద్దమ్మ వరస నడుమ, తుంగ పక్కనే ఎగిరింది. ఎక్కడా తప్పిపోలేదు.

"ఇది ఏ ఊరమ్మా?" అంది నేల మీద వాలగానే. "దారి పొడుగునా ఎవరో పిల్ల నన్ను పిలుస్తూనే ఉంది. మంచి పిల్ల."

తుంగ నవ్వి, ఇంకోసారి కేకేసింది. పెద్దమ్మ ఠక్కున బదులిచ్చింది.