నాస్తికుడి కావడి

ఆ ఉగాదికి శ్రీశైలం నడకదారి పొడుగునా తాగి పారేసిన ప్లాస్టిక్ నీళ్ళ ప్యాకెట్లే. నాకు ఒళ్ళు మండింది. పుణ్యమేమో ఈ భక్తులకట, చెత్తేమో నల్లమలకట! కరపత్రాల కట్ట పట్టుకుని, దారిలో కనబడిన మొదటి చలివేంద్రం మీదే విరుచుకుపడ్డాను.

“ప్యాకెట్లు మానేసి కుండల్లో నీళ్ళు పొయ్యలేరా? అడవిలో దుప్పులు అవి తిని చస్తున్నాయి!”

చలివేంద్రం నడిపే హనుమంతమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. “బావి అరమైలు దూరం ఉండాదప్పా. నువ్వు మోస్తావా?”

“మోస్తా! సాయంత్రందాకా ఒక్క ప్యాకెట్ కూడా చింపొద్దు, అంతే!”

రెండు బిందెల కావడి భుజానికెత్తాను. నాలుగో విడతకే కన్నడ భక్తులు అది మొక్కు కావడి అనుకుని నా కాళ్ళమీద పడసాగారు. నేను దేవుణ్ణే నమ్మనని అరిచాను. అది వినయమనుకుని ఇంకో ఇద్దరు పడ్డారు. నాకు నవ్వాగలేదు. బిందెలు ఊగి నీళ్ళు నా కాళ్ళమీదే ఒలికాయి.

పొద్దు వాలేసరికి భుజం కమిలిపోయింది, మనసు మాత్రం గాల్లో తేలుతోంది. “చూశావా? ఒక్క ప్యాకెట్ ఖర్చు కాలేదు. గెలిచాను!” అని గంతేశాను.

“ప్యాకెట్లు యాడివప్పా?” అంది హనుమంతమ్మ. “పోయినేడు మా పాడి ఎనుము అవి తిని సచ్చినప్పుడే మానేస్తిమి. ఈపొద్దు నీళ్ళు మోసేటోనికి జరమొచ్చె. ఎట్లరా మల్లన్నా అని మొక్కుకుంటాంటే, అరుచుకుంటా నువ్వొస్తివి.”