తుఫాను లేని జిల్లా

ఫెబా బడికి వెళ్తూ వాగులో కొట్టుకుపోయిన రోజున, కాగితాల ప్రకారం, నంద్యాల జిల్లాలో తుఫాను లేదు. ‘బాలిక అజాగ్రత్త’ అని నివేదికలో రాశారు.

నెల గడిచింది. ఫెబా తండ్రి రాజశేఖర్ ఆళ్లగడ్డ నుంచి మూడోసారి బస్సులో నంద్యాల వచ్చి, విచారణ అధికారి హేమలత ఎదుట కూర్చున్నాడు.

“అజాగ్రత్త అనే మాట తీసేయండి మేడమ్. పాప తప్పేం లేదు.”

“తుఫాను మద్రాసు కాడ తీరం దాటింది సార్. ఈడ మామూలు వానే అంటాండారు.”

“తుఫాను నడిబొడ్డు ఆడ ఉంటాది. చుట్టూ తిరిగే గాలి సముద్రం తేమను ఈడిదాకా మోసుకొస్తాది. నల్లమల అడ్డం తగిలితే కురుస్తాది. కొండ మీద పడిన వాన గంటలో వాగులోకి దిగుతాది.”

“బడిలో పాఠం చెప్పినట్టు చెప్తాండారు. నాకు అప్పుడూ తలకెక్కలేదు.” ఆమె నీళ్ల గ్లాసు అతని వైపు జరిపింది. “సరే, పాప తప్పు కాదు. మరి ఎవరిది?”

“ఆ పొద్దు బడి పెట్టిన హెడ్మాస్టరుది. ఆయన చేతిలో ఉండే లోకల్ సెలవు ఇయ్యొచ్చు. రెండు మిగిలుండాయి. తిరునాళ్లకని దాచినాడు.”

“వాన సంగతి ఆయనకు తెలుసునా?”

“పాప ఇంటి నుంచి ఫోన్ చేసి అడిగింది, బడికి రావాల్నా అని. తుఫాను మద్రాసు దిక్కు పోయిందిలే, రా అన్నాడు.”

“పిల్లోళ్లు హెడ్మాస్టరుకే ఫోన్ చేస్తారా?”

“చిన్న బడి మేడమ్.”

హేమలత ఆ మాట కూడా రాసుకుంది. తర్వాత అతని ఫిర్యాదు కాగితం తిప్పి చూసి నిట్టూర్చింది.

“మళ్లీ అదే. రెండుసార్లు ఇందుకే వెనక్కి పంపినా. హెడ్మాస్టరు పేరు రాయాల్సిన గడి ఖాళీ. ఆయనకు భయపడతాండారా?”

“లేదు.”

“జాలా?”

“ఆ మనిషి మీద నాకు జాలి లేదు.”

“అయితే రాయండి. నేను రాయగూడదు, ఫిర్యాదు చేసినోళ్లే రాయాల. అది ఉంటేనే పాప మీద మాట కొట్టేస్తారు.”

రాజశేఖర్ పెన్ను అందుకున్నాడు. కాగితం మీద ఆనించాడు. బయట వరుసలో ఉన్నవాళ్లు రెండుసార్లు తలుపు తోసి తొంగిచూశారు. హేమలత వాళ్లను ఆగమంది.

హెడ్మాస్టరు గడిలో తన పేరు రాయడానికి అతనికి ఈసారీ చెయ్యి రాలేదు.