ఆరని రంగులు

“బిడ్డా భాగీరథీ, నోరు తీపి చేస్కో. పక్క రూం ఇగ నీదే!”

గడపలో నిలబడి ఇంటావిడ గిరిజమ్మ చెప్పిన మాటకు, జొన్నరొట్టె చేస్తున్న భాగీరథి చేతులు ఆగిపోయాయి.

పెళ్లయిన నాటి నుంచి ఆమెకూ, ట్రాక్టర్ ఫ్యాక్టరీలో పనిచేసే జగన్‌మోహన్‌కూ ఒకటే గది. అందులోనే పొయ్యి, అందులోనే మంచం. ఆమె మిరపకాయలు వేయిస్తే ఆయన మంచం మీద తుమ్మేవాడు.

ఇక పొయ్యికి వేరే గది! కిటికీకి ఏ రంగు పరదా కట్టాలో కూడా అప్పుడే తేల్చేసుకుంది.

“మరి చంద్రప్పన్న యాడికి పోతున్నడు పెద్దమ్మా?”

“యాడికన్న పోనీ. పొద్దుగూకేలోపల ఖాళీ చెయ్యమన్న.”

“ఎందుకు?”

గిరిజమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“బాణామతి.”

అది ఎనభై మూడు వానాకాలం. ఆ చేతబడి పేరెత్తితే చాలు, చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లే వణుకుతున్నాయి. డిగ్రీ చదివిన భాగీరథికి మాత్రం నవ్వొచ్చింది.

“నవ్వకు. పోయి చూడు. దండేనికి చేతులు ఏలాడదీసిండు. తల ఓ దిక్కు, మొండెం ఓ దిక్కు. ఆ తల నాదే బిడ్డా! నా ముక్కుపుడక, నా బొట్టు! మొన్నటి సంది నా తల పగిలిపోతున్నది.”

“నేను అడుగుత ఉండు.”

“అడిగేవు! ఆయన ముంగట ఆ మాట నోట్లకెళ్లి రానియ్యకు. మనకు ఎరుకైందని తెలిస్తే మన మీదికే తిప్పుతరు. నేను గూడ ఊకె ఖాళీ చెయ్యమన్న, అంతే.”

చంద్రప్ప బీదరు వైపు నుంచి వచ్చిన మనిషి. తన పనేదో తనది. ఎవరితోనూ పెద్దగా కలవడు.

భాగీరథి అతని గదిలోకి తొంగిచూసింది.

గదికి అడ్డంగా దారాలు. వాటికి ఎక్స్‌రే షీట్లలాంటి ప్లాస్టిక్ రేకులు. ఒకదాని మీద రెండు కళ్లే ఉన్నాయి. ఒకదాని మీద ఎడమ చెయ్యే ఉంది. కింద వరుసగా నోళ్లు: మూసినవి, తెరిచినవి, ఆవులించినవి. మధ్యలో ముక్కుపుడకతో ఒక ముసలమ్మ తల. మెడ కింద ఏమీ లేదు.

డిగ్రీ చదివిన వీపే అయినా, జిల్లుమంది.

“అన్నా, మనిషిని పూరాగ గియ్యరాదా?”

కుంచె పట్టుకున్న చంద్రప్ప నవ్వాడు. “పూరాగ గీస్తే కదలదు చెల్లే. మొండెం ఒక్కసారే గీస్త. చెయ్యి లేపాలంటే చెయ్యి ఒక్కటే మారుస్త. మాట్లాడాలంటే నోరు ఒక్కటే. ఒకదాని మీద ఒకటి పెట్టి కెమెరాల తీస్తే, అవ్వ లేచి నడుస్తది.”

“బొమ్మనా? నడుస్తదా?”

“కొట్లాడుతది గూడ!”

భాగీరథికి సగం అర్థమైంది. ఆ సగం మిగతా సగాన్ని ఇంకా గజిబిజి చేసింది. బొమ్మ లేచి నడుస్తుందట. గిరిజమ్మ భయమూ అదే కదా!

“గిరిజమ్మ పెద్దమ్మ మొఖమే ఎందుకు గీసినవ్?”

“ఆమె మాట్లాడుతుంటే కనుబొమ్మలు గూడ మాట్లాడుతయ్. నా కథల అందరికన్న ధైర్యం ఉన్న అవ్వకు అసొంటి మొఖమే కావాలె.”

“ఏం కథ?”

“ముందుగాలనే చెప్తే మజా ఏముంటది? పరదా మీద చూద్దువుగాని.” అంతలోనే అతని ముఖం చిన్నబోయింది. “జర నా తరఫున రెండు దినాలు ఆగమను చెల్లే. వానకు రంగులు ఆరుతలేవు. ఇప్పుడు కట్ట కడితే ఒకదానికొకటి అతుక్కపోతయ్. పనంత మట్టిపాలైతది. ఆమెకు కోపం ఎందుకొచ్చిందో నీకేమన్న ఎరుకనా?”

మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎదుటి మనిషిని పట్టుకొని ఆ మాట ఎలా అంటుంది? అంటే నొచ్చుకుంటాడు. ఒకవేళ నిజంగానే అయితే...

“ఏమో అన్నా,” అంది.

గిరిజమ్మను అడిగింది. “రెండు దినాలైతే నా తల మెడ మీద ఉంటదా?” అంది ఆవిడ.

డ్యూటీ నుంచి వచ్చిన జగన్‌మోహన్‌ను అడిగింది.

“ఒస్తున్న రూంను ఒద్దంటవా భాగీ? పొద్దుగాల నేను డ్యూటీకి పోతుంటే పరదా పరదా అని ఎగిరింది నువ్వే గద!”

నిజమే. ఆమెకు ఇంకా ఎగరాలనే ఉంది. ఏడవాలనీ ఉంది. రెండూ ఒకేసారి ఎందుకో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం ముసురులోనే చంద్రప్ప కట్ట కట్టాడు. రేకు మీద రేకు పెట్టినప్పుడల్లా పచ్చిరంగు చప్పుడు చేసింది. అతుక్కున్న ఒకదాన్ని లాగబోతే ముసలమ్మ చెంప ఊడివచ్చింది. అతను ఇంకేదీ లాగలేదు. కట్టను కడుపుకు హత్తుకొని బస్‌స్టాండు వైపు నడిచాడు.

తెల్లవారి భాగీరథి కొత్త గది కడిగి, పొయ్యి పెట్టి, పాలు పొంగిస్తోంది. వాకిట్లో జీపు ఆగింది.

కళ్లద్దాలాయన దిగాడు. “చంద్రప్ప గారున్నారా?”

“ఖాళీ చేసి పోయిన్రు సార్.”

“ఎక్కడికి?”

భాగీరథి గిరిజమ్మను చూసింది. గిరిజమ్మ భాగీరథిని చూసింది. అతన్ని ఆ మాట ఎవరూ అడగలేదు.

“బొమ్మలైనా ఉంచి వెళ్లారా?”

“కట్ట కట్టుకొని పోయిన్రు. రంగులు ఆరకముందే...” అంది భాగీరథి.

ఆయన అరుగు మీద కూలబడ్డాడు.

“ఆయనతోని మీకేం పని సార్?” గిరిజమ్మ అనుమానంగా అడిగింది.

“రేపు పొద్దున ఆ బొమ్మలను కెమెరా కింద పెట్టాలమ్మా,” అన్నాడాయన, “బాణామతి అనేదే లేదని ఊరూరా తిప్పి చూపించే సినిమాకు.”