స్నానాలగదిలో పాచి

స్నానాలగది తలుపు తీయగానే ఆమె మొహం చిట్లించింది. కిటికీ గట్టు మీద వరసగా మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కోదాంట్లో తడిమట్టి, దానిమీద జిగటజిగటగా ఆకుపచ్చ పాచి. ఓ మూత ఎత్తితే ముక్కిన వాసన గుప్పుమంది. ఛీ, మనుషులుండే కొంపేనా ఇది?

ఆమె ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. మరక కనబడితే చెయ్యి ఊరుకోదు. వదినకేమో చెత్తంటే వల్లమాలిన ప్రేమ.

అసలు ఆమె వచ్చింది అమ్మ పెంచిన ఫెర్న్ మొక్క కోసం. అమ్మ పోయాక అన్నీ అన్నయ్యకే వదిలేసి, తనకు ఆ కుండీ ఒక్కటి చాలంది. సొంత ఇల్లు కుదిరేదాకా ఉంచమని వదినకు అప్పగించింది. తీరా వచ్చి చూస్తే ఎండు మోడు. వేరు కుళ్లిందట. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

కిందటిసారే అనుమానం వచ్చింది. ఆకుల అడుగున గజ్జి లేచినట్టు గోధుమరంగు పొక్కులు. తాకితే పొడి రాలింది. తుడిచి పారెయ్యమంటే, వదిన ఆ రోగిష్టి ఆకును తెంపి కాగితంలో మడిచి బీరువాలో దాచింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంకోటి కొనుక్కోమన్నాడు అన్నయ్య. కొంటే అమ్మది అవుతుందా? పోనీ దాని పిల్లమొక్కయినా దొరుకుతుందా అంటే, పువ్వా, కాయా, గింజా? ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?

"ఆర్నెల్లాగి రా, కుండీలో పెట్టి నీ చేతికిస్తాను," అంది వదిన, బజారుకు బయల్దేరుతూ.

"చచ్చినదాన్ని ఏ కుండీలో పెడితే ఏం వదినా?"

"చెప్తే నమ్మవు. వచ్చాక చూద్దువుగాని," అని నవ్వుతూ వెళ్లిపోయింది. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది.

కుర్తా చేతులు పైకి మడిచింది. నీళ్లు సలసలా మరిగించింది. ముక్కు మూసుకుని డబ్బాలన్నీ తూములో బోర్లించి, మీద వేణ్ణీళ్లు కుమ్మరించి, బ్లీచింగ్ చల్లి, బ్రష్‌తో బరబరా తోమింది. పాచంతా కొట్టుకుపోతుంటే వదిన మీద కక్ష తీరినట్టు కడుపు చల్లబడింది.

వదిన తిరిగొచ్చి, ఖాళీ గట్టు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. డబ్బాలేవని అడిగింది.

"కడిగి బోర్లించాను. ఒక్క క్రిమి మిగల్లేదు. అమ్మ గుర్తని ఒక్కటి నీ చేతిలో పెడితే చంపావు, ఆ కంపును మాత్రం వరసబెట్టి పెంచావు. ఇక ఈ గడప తొక్కితే ఒట్టు."

వదిన తూము దగ్గర కూలబడి, జాలీ ఎత్తి వేళ్లతో వెతికింది. తెల్లటి నురగ తప్ప ఏమీ అంటలేదు.

"బీరువాలో దాచిన ఆ ఆకు పొడి మట్టిలో చల్లి, ఇన్నాళ్లూ తడారకుండా కాపాడాను," అంది.

పాచికీ ఆకుపొడికీ ఏమిటి సంబంధమని ఆమె విసుక్కుంది.

"ఫెర్న్‌కు గింజ ఆ పొడే. అవి అత్తయ్య మొక్క పిల్లలు."