నల్లబిళ్ల

“సార్, శవం మళ్లీ లేచి కూర్చుంది,” అన్నాడు డ్రైవరు వాకీటాకీలో.

ఫైర్ ఆఫీసరు తల పట్టుకున్నాడు. విమానం కూలితే పదిహేను నిమిషాల్లో అందరినీ అంబులెన్సులు ఎక్కించగలమని రుజువు చేసే డ్రిల్లు అది. రెండేళ్లకోసారి ఎయిర్‌పోర్టుకు తప్పని పరీక్ష. కిందటిసారి అంబులెన్సు స్టార్ట్ కాక తప్పారు. అంతకుముందు సైరన్ గది తాళంచెవి దొరక్క తప్పారు. ఈసారీ తప్పితే పెద్ద విమానాన్ని ఇక్కడ దిగనిచ్చేది లేదని పైనుంచి కాగితం వచ్చింది. అది దిగకపోతే ఇన్ని ఫైరింజన్లు అక్కర్లేదు, ఆఫీసరుతో సహా పద్నాలుగు మందికి తలో దిక్కుకు బదిలీ.

అసలు పొద్దున్నే మొదలైంది దరిద్రం. పరీక్ష పెట్టడానికి వచ్చిన ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరే ఆగిపోయాడు. అక్కడో పాత బోర్డు. ఈ ఎయిర్‌పోర్టు చరిత్రలో జరిగిన ఒకే ఒక్క ప్రమాదం, ముప్పై ఏళ్ల కిందటిది, అందులో పోయినవాళ్ల పేర్లు. పదకొండు ఉన్నాయి. పన్నెండో వరుస మీద దట్టంగా తెల్లరంగు పూసి ఉంది.

“ఏంటిది?”

“ప్రమాదమైన మర్నాడే ఎవరో పెద్దాయన చూడ్డానికి వస్తున్నారని రాత్రికి రాత్రి రాయించారటండి. హడావిడిలో పెయింటరు ఏదో తప్పు రాసుంటాడు. నేను రాకముందు సంగతి.”

“ఒక బోర్డు సరిగ్గా పెట్టుకోలేనివాళ్లు మనుషుల్నేం కాపాడతారు?” అంటూ ఇన్‌స్పెక్టరు పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకున్నాడు ఆఫీసరు.

విమానం బదులు రన్‌వే పక్కన ఓ పాత బస్సును నిలబెట్టారు. దాని చుట్టూ చుట్టుపక్కల వీధులవాళ్లు ఇరవై మంది పడుకున్నారు. మెడల్లో బిళ్లలు. పచ్చబిళ్లవాళ్లు నడవగలరు, ఎర్రబిళ్లవాళ్లను ముందు మోయాలి, నల్లబిళ్ల అంటే పోయినట్టు, చివర్న చూసుకోవచ్చు. నల్లది ఒక్కటే. దాన్ని గేటు ఎదుట కొట్టున్న దర్జీ అడిగి మరీ వేయించుకున్నాడు. కిందటి రెండుసార్లూ అంతేనట. పడుకుని చేసే పని కదా, ఎవరికి చేదు అనుకున్నాడు ఆఫీసరు.

“ఎప్పుడైనా విమానం ఎక్కావా?” అని మాటవరసకు అడిగాడు కూడా.

“ఒకసారి ఎక్కానండి. చాలు,” అన్నాడు దర్జీ.

సైరన్ మోగింది. ఎనిమిది నిమిషాలదాకా అంతా సవ్యంగానే నడిచింది. అప్పుడొచ్చింది డ్రైవరు కబురు. ఆఫీసరు రొప్పుతూ పరుగెత్తాడు.

దర్జీ ఓ కుర్ర ఫైర్‌మన్ ప్యాంటు పట్టుకుని ఉన్నాడు.

“అల్లుడూ, నాడి చూశావా?”

“నీది నల్లబిళ్ల మామా. నువ్వు పోయావు.”

“ఎవరు చెప్పారు?”

“బిళ్ల చెప్పింది.”

“బిళ్లనడక్కు. చెయ్యి పట్టుకుని చూడు.”

ఫైర్‌మన్ మోస్తున్న స్ట్రెచరును దర్జీ కింద పెట్టించాడు. దాని మీద కాలు విరిగినావిడ ఊరుకుంటుందా?

“నువ్వు తీరిగ్గా చద్దువుగాని అన్నయ్యా, ఇక్కడ నా కాలు విరిగింది.”

ఆఫీసరు వచ్చీరాగానే విరుచుకుపడ్డాడు. “ఏమయ్యా, చచ్చినవాడివి చచ్చినట్టు పడుండలేవా?”

“పడుంటానండి. ఇటు వచ్చే ప్రతివాళ్లనీ ఒకసారి నాడి చూసి వెళ్లమనండి.”

“ప్రతివాళ్లూనా? ఎందుకూ?”

“మొదటివాడు చూసుంటాడులే అనుకుంటాడు రెండోవాడు. రెండోవాడు చూసుంటాడులే అనుకుంటాడు మూడోవాడు. అలా అందరూ దాటి వెళ్లిపోతారండి.”

“మావాళ్లకి పాఠాలు చెప్పడానికి నువ్వెవడివి? కాలర్లు కుట్టేవాడివి కాలర్లు కుట్టుకో.”

దర్జీ వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. చెయ్యి మాత్రం మణికట్టు పైకి తిప్పి దారికడ్డంగా చాపి ఉంచాడు. దాన్ని దాటలేక ఒకడు వంగి నాడి చూశాడు. వాణ్ని చూసి ఇంకొకడు. ఆఫీసరు పళ్లు నూరుతూనే ఉన్నాడు, వాళ్లు వంగుతూనే ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు స్టాప్‌వాచ్ నొక్కాడు. పదిహేను నిమిషాల నలభై సెకన్లు.

“తప్పారు,” అన్నాడు.

“ఆ ముసలాడి వల్లేనండి. మీరూ చూశారుగా.”

“వాచీకి ముసలాడూ పడుచువాడూ తెలీదు. మూడు నెలలాగి మళ్లీ పెట్టండి. అప్పటిదాకా పెద్ద విమానం దిగదు.”

మూడు నెలల తర్వాత డ్రిల్లు పెట్టడానికి ఇక్కడ ఎవరు మిగులుతారో ఆఫీసరుకు బాగా తెలుసు. కూతురి పరీక్షలు గుర్తొచ్చాయి, మొన్ననే మారిన ఇల్లు గుర్తొచ్చింది. గబగబా గేటు దగ్గరికి నడిచాడు. దర్జీ బోర్డు ముందు నిలబడి ఉన్నాడు, మెడలో నల్లబిళ్ల అలాగే ఉంది.

“పద్నాలుగు మంది పొట్ట కొట్టావు, తృప్తిగా ఉందా? బతికున్నానో లేదో చూడండని దారినపోయే ప్రతివాణ్నీ బతిమాలడమేంటి? పిచ్చా నీకు?”

దర్జీ బిళ్ల తీసి, చొక్కాకు తుడిచి, ఆయన చేతిలో పెట్టాడు. “మళ్లీ పెట్టినప్పుడు కూడా నల్లదే ఇప్పించండి.”

“ఇంకోసారి ఈ గేటు లోపలికొచ్చావంటే మర్యాద దక్కదు. పో, అడ్డులే. ఈ బోర్డు సంగతొకటి నా ప్రాణానికి. ఆ రంగు గీకించి, కింద ఏం తగలడిందో చూసి, సరిగ్గా రాయించాలి.”

“గీకించక్కర్లేదండి,” అన్నాడు దర్జీ, తెల్లరంగు మీద వేలు పెట్టి.

“ఇక్కడున్నది నా పేరే.”