గార్డు బొమ్మ

"నన్ను కూడా ఎట్టరా తమ్మూ," అంది రాజులమ్మ.

బాలకృష్ణ ప్లైవుడ్ పలక మీద పాత టెక్కలి స్టేషన్ నమూనా కట్టాడు. పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలు అప్పుడే కదిలినట్టుంది. అగ్గిపుల్లతో అక్క బొమ్మ చేసి, చేతికి క్యారేజీ తగిలించాడు.

"ఎక్కడెట్టమంటావప్పా?" అని అక్కనడిగాడు.

"బండెనకాల. నీ కాలేజీకి అన్నం అట్టుకుని పరుగెత్తినాను కదా. సెయ్యెత్తితే ఎవులికైనా ఆగే బండి, నాకే ఆగనేదు."

ఆ రోజు రైలు పెట్టెనిండా అతని స్నేహితులు. అక్కది జీడిపిక్కలు కొట్టే పనిలో మరకలు పడ్డ చీర.

"గార్డు నిన్ను సూణ్ణేదప్పా," అన్నాడు, ఇన్నేళ్ళూ అన్నట్టే. అందుకే చివరి పెట్టెలో గార్డు బొమ్మని అవతలికి తిప్పి నిలబెట్టాడు.

రాజులమ్మ వేలికొసతో ఆ బొమ్మని తన బొమ్మవైపు తిప్పింది.

"సూసినాడ్రా. ఎర్రజెండా ఎత్తబోయినాడు. నువ్వే కిటికీలోంచి సెయ్యూపి, పోనిమ్మన్నావు."

బాలకృష్ణ తలెత్తలేదు. అక్క బొమ్మ చేతిలో క్యారేజీ సర్దుతూ అడిగాడు. "మరి ఆ సాయంత్రం నన్నొక్క మాటా అన్లేదేటప్పా?"

"ఆకలితో వొచ్చినావు. ముందు అన్నం ఎట్టాల గదా."