పదో నంబరు పానా

పదో నంబరు పానా కనపడలేదు.

కాటమ్మ రెండెకరాల మడిలో కోత మిషన్ ఆగి అప్పటికే గంట దాటింది. తెగిన బెల్టు మార్చడం పావుగంటలో అయిపోయింది. పానా వెతకడమే తెమలడం లేదు.

మిర్యాలగూడ వైపు నుంచి మబ్బు కాటుక పూసుకుని వస్తోంది.

"తాళంచెవి ఇయ్యి సింగూ," అన్నాడు మిషన్ యజమాని జగదీష్.

"పానా దొరకనీ అన్నా."

మెకానిక్ ధన్‌సింగ్ గట్టుమీద తువ్వాల పరిచి, పనిముట్లు మళ్లీ లెక్కపెట్టాడు.

"ఇరవై రెండు తీసిన. ఇరవై ఒకటే ఉన్నయ్. డ్రమ్ముల పడ్డదేమో."

"పడితే పడనీ. వడ్లతోని అదీ బయటికొస్తది."

"వస్తది. ఎవరి కంట్లకు వస్తదో తెల్వదు."

కాటమ్మ కొంగు నడుముకు చుట్టి తనూ వెతకసాగింది.

"ఏం మనిషివి నాయినా. మొగులు సూస్తె నాకు కాళ్లు ఆడుతలేవు. నువ్వేమో ఇనుపముక్క కోసం మట్టి దేవులాడుతున్నవ్."

చివరికి మిషన్ చైను కింద, బురదలో దొరికింది. మిషన్ కదిలిన పది నిమిషాలకే వాన దిగింది. అరెకరం వరి నేలకొరిగింది.

ఆ రోజు నుంచి నేరేడుచర్లలో ధన్‌సింగ్ పేరు పోయి, ఎగతాళికి 'ఇమానం సారు' మిగిలింది.

అతను దామరచర్ల పక్క తండా మనిషి. నలభై ఆరేళ్లు. ఒకప్పుడు విమానాలు బాగుచేశానని నోరుజారి ఒకసారి అన్నాడు. ఎవరూ నమ్మలేదు. ఆ ఊళ్లో గాలికబుర్లకు గుత్తేదారు జగదీష్. వాళ్ల తాత మూసీ వరదలో మొసలి మీద కూర్చుని సూర్యాపేట సంతకు పోయాడట. దిగేటప్పుడు దాని వీపు తట్టి, 'పొద్దుగూకేసరికి వచ్చి ఉండు' అన్నాడట. అలాంటి నోటి పక్కన ఇంకొకరి విమానం ఏం ఎగురుతుంది?

"గంత పెద్ద నౌకరి ఎట్ల పోయింది మరి?" అని జగదీషే ఒకసారి అడిగాడు.

"నా తప్పుతోనే పోయిందన్నా."

ఏదో ఎత్తుకొచ్చి దొరికిపోయుంటాడులే అనుకున్నాడు జగదీష్.

కానీ రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం అందరూ సద్దులు తిని కునుకు తీస్తుంటే, ధన్‌సింగ్ మిషన్ నీడలో లావుపాటి పుస్తకాలు చదివేవాడు. పరీక్షలు రాశాడు. పాసయ్యాడు. చచ్చిపోయిన విమానాల లైసెన్సుకు మళ్లీ ప్రాణం పోశాడు.

వాన వెలిసిన వారానికి వచ్చి జగదీష్ పక్కన కూర్చున్నాడు.

"అన్నా, శంషాబాద్ నుంచి నీకు ఫోన్ వస్తది. ఇమానాల షెడ్డుల నౌకరి. అన్నీ అయినయ్. ఇప్పుడు నా పని ఎట్లుంటదో నిన్నడుగుతరు. నువ్వు చూసింది చెప్పు. ఇంచు ఎక్కువొద్దు, ఇంచు తక్కువొద్దు. ఈ వయసుల ఇంకోపారి పిలువరు."

"ఫికర్ చెయ్యకు తమ్మీ. నేను చెప్పేది ఇంటే, నిన్ను తోల్కపోనీకి ఇమానమే పంపిస్తరు."

మూడోనాడు ఫోన్ వచ్చింది. మర్యాదైన గొంతు. మంచివాడేనా, తాగుతాడా, వేళకు వస్తాడా అని అడిగింది. జగదీష్ పొగిడి పొగిడి ఆకాశానికెత్తాడు.

"పని అయ్యాక పనిముట్లు లెక్కపెడతారా? ఒకటి కనపడకపోతే ఏం చేస్తారు?"

ఇదే తప్పని పట్టుకుంటారనుకున్నాడు జగదీష్. కాటమ్మ మడి సంగతి శంషాబాద్ దాకా ఎవడు మోశాడు?

"అబ్బే, గసొంటి చాదస్తం మావోనికి లేదు సార్. పోతే పోనీ అంటడు. మిషన్ మాత్రం నిమిషం ఆగనియ్యడు."

"అలా పోయాయా ఎప్పుడైనా?"

"ఈ సీజన్లనే పది పానాలు పోయి ఉంటయ్ సార్. వెనక్కి తిరిగి సూస్తే ఒట్టు."



"సరేనండి. చాలు."

గండం గట్టెక్కించానని జగదీష్ ఆ సాయంత్రం అందరికీ మిర్చీలు తినిపించాడు.

నాలుగు రోజులకు ధన్‌సింగ్ వచ్చాడు.

"వద్దన్నరు. ఏమడిగిండ్రన్నా నిన్ను?"

జగదీష్ చెప్పాడు. గొప్పగానే మొదలుపెట్టాడు. ధన్‌సింగ్ కళ్లు చూసి చివర్లో గొంతు తగ్గించాడు.

"ఆడ పానా దొరికేదాక ఇమానం లేవదన్నా," అన్నాడు ధన్‌సింగ్ మెల్లగా. "లెక్క తప్పనోడే కావాలె వాళ్లకు."

తిట్టలేదు. పానాలు తుడిచి, లెక్కపెట్టి, పెట్టెలో సర్ది అప్పజెప్పాడు.

"నువ్వు నాకు మంచే చేద్దామనుకున్నవ్. పోయొస్త."

దామరచర్లలో ఇనుప రాడ్లు మోసే కూలికి పోయాడని తర్వాత తెలిసింది.

జగదీష్‌కు రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడోరోజు ఆ నంబరుకు తనే ఫోన్ చేశాడు.

"నేను అబద్ధం చెప్పిన సార్. ఆయన లెక్కపెడతడు. ఒక్క పానా కోసం పంటనే నాననిచ్చిండు."

"పది పోగొట్టాడని మీరే అన్నారు కదండీ."

"అది నా నోటి రోగం సార్."

"ఆయన మారిపోయాడనుకున్నాం. ఇప్పుడు ఏ మాట నమ్మమంటారు? ఆ పనిలో నిన్ననే ఇంకొకరు చేరిపోయారు."

యాభై రెండేళ్లకు మొదటిసారి నిజం చెబితే వినేవాడు లేడు.

"ఒక్క పానాకు గింత శిక్షనా సార్?"



"ఇరవై ఏళ్ల కిందట కూడా ఒక్క పానాకేనండి. ఇంజన్లో మరిచాడు. పక్కనే పనిచేస్తున్న నాకే తెలియదు. ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు. జనం ఎక్కి తలుపులు వేశాక, విమానానికి ఎదురు పరుగెత్తి, 'ఆపండి, లోపల నా పానా ఉంది' అని తన నౌకరీకి తనే నీళ్లొదులుకున్న మనిషి ఆయన."